సయనైడు లేక స్వర్ణమును సాధించుట
(విశ్వబ్రాహ్మణ మహాసభయందు చదివిన యుపన్యాసము)



ఈ వార్షిక మహాసభయందు వృత్తికి సంబంధించిన విషయమొకదానిని గూర్చి ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరియున్నారు. విశ్వకర్మ సంప్రదాయమును గూర్చియు, మనుమయాదుల మహిమను గూర్చియు మాకంటె నెక్కువ యెఱిగిన పండితులు ఈ వేదికపై గలరు. కావున మేమా జోలికి పోక, మన మూసలోనికి వచ్చు బంగారము రాతినుండి యెట్లు వేరుపడుచున్నది, అందులకు వాడు సయనైడను విషమును విడనాడుటకు లోకమున జరుగుచున్న ప్రయత్నము లెట్టివి, వానివలన మనము గ్రహింపదగిన దేమి, అను మూడు సంగతులను మాత్రమే విన్నవింతుము. ఇందు కొన్ని యంకెలు రాకతప్పదు. తూనికయు వన్నెయు నెఱిగినవారికి అంకెలు భారము గావని మా నమ్మకము.

బంగారమునకు త్రుప్పు లేదు. సముద్రపుటుప్పులోనను, భూమిలోపలను వేయేండ్లు పడియున్నను దాని కాంతి చెడదు. ఇందులకు కారణమేమి? ఏ లోహమైనను ద్రావణమున లీనమగుటయనగా, దాని పరమాణువు తన యెలక్ట్రానులను గొన్నిటిని విడిచి విద్యుదావేశము గల అయానుగా మాఱుట. ఎలక్ట్రానులను విడుచుటకు ఏ లోహమున కెంత యయిష్టము గలదో దానిని శాస్త్రజ్ఞులు వోల్టులలో కొలిచి పట్టిక వేసియున్నారు. ఆ పట్టికలో ఉదజని సున్న. తుత్తునాగము సున్నకు దిగువ 0.76 వోల్టు. రాగి సున్నకు పైన 0.34. వెండి 0.80. బంగారమో, మూడెలక్ట్రానులను విడుచునప్పుడు సుమారు 1.50 వోల్టులు, ఒక్కదానినే విడుచునప్పుడు సుమారు 1.70 వోల్టులు. గాలిలోని ప్రాణవాయువు ఆమ్లద్రావణమున ఎలక్ట్రానులను లాగగల శక్తి 1.23 వోల్టులు మాత్రమే. కావున గాలి యెంత లాగినను బంగారము లొంగదు. మనవారు దీనిని అగ్నికిని కాలమునకును చెడని లోహమని కొనియాడుటకు ఆధారము ఈ స్వల్పమైన యంకెల తారతమ్యమే.

ఇక సయనైడు చేయు పని చూడుడు. సయనైడు బంగారమును కొఱుకునని సామాన్యముగ ననుకొందురు. నిజమునకు బంగారమునుండి ఎలక్ట్రానును లాగుకొనునది సయనైడు కాదు, గాలిలోని ప్రాణవాయువే. సయనైడు చేయునదెల్ల, వెలికివచ్చిన స్వర్ణ అయానును ఇరుప్రక్కల గట్టిగా పట్టుకొని మరల లోహముగ మాఱనీయకుండుట. ఆ పట్టు ఎంత గట్టిదనగా, దానివలన బంగారపు టంకె 1.70 నుండి సున్నకు దిగువ సుమారు 0.60 వోల్టునకు పడిపోవును. అనగా సయనైడు సమక్షమున బంగారము తుత్తునాగమునకు ఇంచుమించు పొరుగున కూర్చుండును. అట్టి స్థితిలో క్షారద్రావణమునందలి కొద్దిపాటి గాలియే దానిని లాగుకొనుటకు చాలును. 1857వ సంవత్సరమున మైకేల్ ఫారడే పండితుడు పలుచని బంగారు రేకును సయనైడు ద్రావణమున ముంచినప్పటికంటె, గాలి తగులునట్లు పైన తేల్చినప్పుడు శీఘ్రముగ లీనమగుటను గమనించెను. 1954లో కుడ్రిక్, కెలాగ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఈ క్రియ చిన్న విద్యుద్ఘటము వంటిదని ప్రయోగపూర్వకముగ స్థిరపఱచిరి. బంగారపు టుపరితలమున ఒకచోట ఎలక్ట్రానులు విడువబడుచుండగా మఱియొకచోట ప్రాణవాయువు వానిని గ్రహించుచుండును. ప్రతి కణమును ఒక చిన్న బ్యాటరీయే.

ఈ సంగతి మనకేల యనగా, విషత్వము సయనైడునకు గల శక్తికి మూలము కాదు. దాని శక్తి పట్టునందున్నది. విషము వేఱొక గుణము. మన దేహకణములు ప్రాణవాయువును వినియోగించుకొనుటకు తోడ్పడు ఇనుపభాగమును గూడ నది యట్లే పట్టుకొనుటచేత మనుష్యుడు ఊపిరి పీల్చుచుండియు ఊపిరాడక మరణించును. పట్టునుంచి విషమును మాత్రము తీసివేయగల వేఱు పదార్థము దొరకునా యనునదే నేటి ప్రశ్న.

సయనైడు గనికంటె ముందుగ మన వంటి పనివారి యంగడికి వచ్చినదను సంగతి చాలమంది యెఱుగరు. 1840లో ఇంగ్లాండు దేశపు బర్మింగుహాము నగరమున ఎల్కింగ్టను దాయాదులు సయనైడు ద్రావణముతో విద్యుత్తుచే బంగారు నీరు పోయు విధానమునకు పేటెంటు పొందిరి. గనులకు దానిని ప్రయోగించినది 1887లో, గ్లాస్గో నగరమున మాకార్థరును, ఫారెస్టు సోదరులును. అటుపిమ్మట పదియేండ్లు తిరుగకమునుపే దక్షిణాఫ్రికా గనులన్నియు ఆ మార్గము పట్టినవి. టన్ను రాతిలో నాలుగైదు గ్రాములున్నను దానిని గిట్టుబాటుగా తీయగలుగుటయే అందుకు కారణము. నేటికిని లోకమున గనులనుండి వచ్చు బంగారములో అధికభాగము సయనైడు మార్గముననే వచ్చుచున్నది.

మన ప్రక్కనే యున్న కోలారు గనులను చూడుడు. 1880లో జాన్ టెయిలరు కంపెనీవారు పని నారంభించిరి. 1902లో శివసముద్రమునుండి వానికి విద్యుచ్ఛక్తి వచ్చెను. చిత్తూరు ప్రాంతపు తెలుగువారు అనేకులచ్చట తరతరములు పనిచేసిరి. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. పిండిచేసి బంగారము తీసివేసిన రాతిపొడి మాత్రము మూడుకోట్ల టన్నులకు మించి కొండలవలె నిలిచియున్నది. జనులు వానిని నేటికిని సయనైడు దిబ్బలనియే పిలుతురు. గాలి వీచు కాలమున ఆ ధూళి యిండ్లమీద పడును. బంగారము దేశదేశములకు పోయినది. దిబ్బ మాత్రము పనివాని వాకిట మిగిలినది.

ఇంతకంటె ఘోరము 2000వ సంవత్సరము జనవరి 30వ తేదీన రుమేనియా దేశమున బాయా మారే యనుచోట జరిగినది. గని వ్యర్థజలమును నిలువజేసిన కట్ట తెగి, సయనైడు గలిసిన నీరు సుమారు లక్ష ఘనపు మీటర్లు సోమేష్, టీసా నదులగుండ డాన్యూబు నదిలో కలిసెను. హంగరీ దేశమున టన్నులకొలది చేపలు చచ్చి తేలినవి. ఆ దేశమువారు 2009లో గనులయందు సయనైడు వాడుకను చట్టముచే నిషేధించిరి.

న్యాయముగ చెప్పవలెనన్న, సయనైడునకు ఒక మంచి గుణమును గలదు. ఎండవలనను, ప్రాణవాయువువలనను అది క్రమముగ విఱిగిపోవును. పాదరసమువలె నెన్నటికిని చెడక చేపలలోను మనుష్యులలోను పేరుకొనదు. చక్కగా నడపు గనులలో వ్యర్థజలములోని సయనైడును విఱుగగొట్టిన పిదపనే విడుతురు. కావున దానిని వదలుటకు పూనుకొన్నవారు దానికంటె నిజముగ మేలైనదానిని చూపవలెను. ఎవ్వి చూపబడినవో యిక విన్నవింతుము.

మొదటిది హరితము, అనగా క్లోరిను మార్గము. ఇది క్రొత్తది కాదు. క్రీస్తుకు పూర్వము ఆఱవ శతాబ్దిననే లిడియా దేశపు సార్డిస్ నగరమున బంగారపు రేకులను ఉప్పుతో కలిపి మట్టిపాత్రలలో పుటము పెట్టి వెండిని వేఱుపఱచిన యానవాళ్లు త్రవ్వకములలో బయల్పడినవి. ఉప్పులోని హరితము వెండిని పట్టుకొనిపోగా బంగారము మిగులును. మన ద్రవరాజమునను ఇదే హరితము పనిచేయుచున్నది. హరితపు పట్టులో బంగారపు టంకె 1.50 నుండి 1.00 వోల్టునకు దిగును. హరితవాయువు లాగుశక్తి 1.36 వోల్టులు. కావున పని సుకరము. ఉప్పునీటిలో విద్యుత్తును పంపినచో ధనధ్రువమున హరితము పుట్టి బంగారమును లీనము చేయును, ఋణధ్రువమున అదే బంగారము తిరిగి లోహముగ చేరును. వాడు పదార్థము ఉప్పు మాత్రమే. వినుటకు ముచ్చటగ నున్నది. కాని గంధకము గల ఖనిజములున్నచో హరితమంతయు వానికే ఖర్చగును. వెండి యున్నచో తెల్లని పొరగ బంగారమును కప్పివేయును. పాత్రలు త్వరగ కొఱుకుడుపడును. హరితవాయువు పీల్చినవాని ఊపిరితిత్తులు చెడును. కావున ఇది రాతికంటె శుద్ధికే యెక్కువగ తగినది.

రెండవది థయోసల్ఫేటు. ఫొటోగ్రాఫులు తీయువారు పూర్వము హైపో యని వాడిన పదార్థమిదియే. హైపో వెండి లవణమును కడిగివైచునట్లే బంగారమునుగూడ పట్టుకొనగలదు. దాని పట్టులో బంగారపు టంకె సుమారు 0.15 వోల్టు. సయనైడంత దిగువకు పోకున్నను గాలి శక్తికి లోబడినదే. అయినను బంగారముపై గంధకపు పొర యేర్పడి క్రియ మందగించును. రాగి, అమ్మోనియా కొద్దిగ చేర్చినచో, రాగి గాలినుండి శక్తిని గ్రహించి బంగారమునకు మోయు కూలివానివలె పనిచేసి వేగము పెంచును. 2014లో అమెరికాలోని నెవాడా రాష్ట్రమున బారిక్ సంస్థవారు తమ గోల్డ్‌స్ట్రైక్ గనియందు ఈ మార్గమున పెద్దయెత్తున బంగారము తీయనారంభించిరి. ఆ గనిరాతిలో సహజముగ నున్న కర్బనము, సయనైడులో లీనమైన బంగారమును తిరిగి దొంగిలించుచుండెను. థయోసల్ఫేటు పట్టిన బంగారమును కర్బనము తీసికొనలేదు. ఇందు లాభనష్టములు రెండును ఒకే గుణమునుండి పుట్టినవి. దొంగ కర్బనమునకు చిక్కని బంగారము, మనము కావలెనని వేసిన బొగ్గునకును చిక్కదు. కావున ప్రత్యేకమైన రెజిను గుళికలతో దానిని పట్టవలసివచ్చెను. అదియునుగాక, థయోసల్ఫేటు తానే విఱుగుచుండుటచే ఎక్కువ మొత్తమున వాడవలసియుండును.

మూడవది థయోయూరియా. దాని పట్టులో అంకె 0.38 వోల్టు. ఆమ్లమునందు పనిచేయును. మిక్కిలి వేగము గలది. కాని తానే సులభముగ చెడిపోవును గాన ఖర్చధికము. పుట్టకుఱుపు గలిగించునేమోయను సంశయము శాస్త్రజ్ఞులలో గలదు. విషమును వదలి మఱియొక విషమును చేరుట పరిష్కారము గాదు గదా.

నాలుగవది గ్లైసిను. ఇది మన దేహములోని మాంసకృత్తులయందే యున్న అమైనో ఆమ్లములలో మిక్కిలి చిన్నది. ఆస్ట్రేలియాలో పెర్తు నగరపు కర్టిన్ విశ్వవిద్యాలయమువారు దీనిపై విశేషముగ కృషిచేసియున్నారు. విషము కాదు, ఆవిరియై పోదు, తిరిగి తిరిగి వాడుకొనవచ్చును. రాగిని చక్కగ తీయును. బంగారము విషయమున మాత్రము మందకొడి. వేడిమియో, బలమైన ఆమ్లజనకారియో, ఒక్కొక్కచోట కొద్దిపాటి సయనైడో తోడు కావలసివచ్చుచున్నది. అయినను ఆ కొద్దిపాటి చాలునన్నచో సయనైడు వాడుక చాలవఱకు తగ్గినట్లే.

ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక సత్యము బోధపడును. ఏ మందును అన్ని రాళ్లకు పనికిరాదు. ఏ రాతికేది తగునో, ఎంత వోల్టున బంగారము మాత్రము కదలి తక్కినవి కదలకుండునో చూచి యేర్పఱచుటయే విద్యుద్రసాయనశాస్త్రము. మన పెద్దలు గీటురాతిపై గీసి, గీతపై ద్రావకము వేసి, ఏ వన్నె నిలుచునో ఏది పోవునో కన్నుతో నిర్ణయించిరి. వారు చేసినదియు ఇదే తారతమ్య పరీక్ష. ఇప్పుడు వోల్టుమీటరు ఆ గీతకు అంకె నిచ్చుచున్నది.

ద్రావణమున చేరిన బంగారమును తిరిగి రాబట్టుటకును విద్యుత్తే సాధనము. ఫారడే సూత్రము ప్రకారము, మూడు ఎలక్ట్రానులు కావలసిన హరిత ద్రావణమునుండి 1 ఆంపియరు విద్యుత్తు 1 గంటసేపు ప్రవహించినచో 2.45 గ్రాముల బంగారము ఋణధ్రువమున చేరును. ఒక్క ఎలక్ట్రానుతో సరిపోవు సయనైడు, థయోసల్ఫేటు ద్రావణములనుండి అదే విద్యుత్తునకు 7.35 గ్రాములు రావలెను. అనగా తులము బంగారము హరితమార్గమున చేరుటకు 1 ఆంపియరుతో సుమారు నాలుగుముప్పావు గంటలు పట్టును. ఇది పూర్తి సామర్థ్యమునకు లెక్క. ద్రావణము మిక్కిలి పలుచనైనచో విద్యుత్తులో అధికభాగము నీటిని విడగొట్టుటకే వ్యర్థమగును. కావుననే గనులలో మొదట బొగ్గుతోనో రెజినుతోనో బంగారమును చిక్కపఱచి, పిదప విద్యుత్తు పంపుదురు.

శుద్ధి చేయుటలో సయనైడు లేని విద్యుత్పద్ధతి 1874 నాటినుండియే కలదు. జర్మనీలోని హాంబర్గు నగరమున ఎమిల్ వోల్‌విల్ కనిపెట్టిన యా విధానమున, మలినస్వర్ణపు పలకను ధనధ్రువముగను, శుద్ధమైన పలుచని రేకును ఋణధ్రువముగను, స్వర్ణహరిత ద్రావణమున వ్రేలాడదీయుదురు. బంగారము ఒకదానినుండి మఱియొకదానికి ప్రయాణముచేయును. వెండి తెల్లని పొడియై అడుగున దిగును. ప్లాటినము, పల్లాడియము ద్రావణముననే నిలుచును. ఫలితము 99.99 పాళ్ల మేలిమి. ఇట్టిది మన యిండ్లకేల రాలేదు? ద్రావణములోనే ఎంతో బంగారమును ఎల్లప్పుడు నిలువయుంచవలెను. ఒక కుటుంబమునకు అంత బంగారమును కదలక యుంచుట సాధ్యము గాదు. నూఱు కుటుంబములు కలిసినచో సాధ్యమగును. ఈ మాటను సభవారు జ్ఞాపకముంచుకొనవలెనని మా ప్రార్థన.

ఇప్పుడు మన యింటిమాట. మన వృత్తి తిన్న దెబ్బలు మీ రెఱుగనివి గావు. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణనియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించి నగ చేయరాదనినవి. 1968లో అది చట్టమై 1990లో రద్దయినది. పిదప యంత్రములు, పెద్ద దుకాణములు వచ్చినవి. 2021 జూనునుండి హాల్‌మార్కు నిర్బంధమైనది. ఈ మార్పుల నడుమ పనిలేక కృశించిన యిండ్లు అనేకములు. అట్టి దినములలో చేతికందునంత దూరమున విషపుసీసా యుండుట ఎంతటి యపాయమో, ఏ వీధిలో నెవరింట ఏమి జరిగినదో, మేము వివరింపనక్కఱలేదు. సయనైడు లేని పని యనునది నదులలోని చేపలకొఱకు మాత్రమే కాదు, మన బిడ్డలకొఱకును గూడ. కష్టములో నున్నవానిని ఒంటరిగ విడువక పలుకరించుట సంఘధర్మము. ఆ విషమును యింటిలో లేకుండ చేయుటయు సంఘధర్మమే. గిల్టు పనికి సల్ఫైటు ద్రావణములు గలవు. విద్యుత్‌పరికరముల పరిశ్రమలో వానిని వాడుచునే యున్నారు. నగలకు మెఱుగు తెచ్చుటకును సయనైడు లేని ద్రావణములు అంగళ్లలో దొరకుచున్నవి. వెల కొంత యధికము. ప్రాణముకంటె నధికము గాదు.

వేఱొక ద్వారము తెఱచుకొనుచున్నది. 2022వ సంవత్సరమున లోకమున 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్‌పరికరముల వ్యర్థము పోగైనదనియు, అందు నూటికి 22 పాళ్లకు కొంచెము మించి మాత్రమే క్రమపద్ధతిని తిరిగి వినియోగమునకు వచ్చినదనియు ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలుపుచున్నది. పాత ఫోనుల పలకలలో టన్నుకు గల బంగారము మంచి గనిరాతిలోని దానికంటె అనేకరెట్లు. బ్రిటను టంకశాలవారే 2024లో వేల్సులోని లాంట్రిసెంటు నందు ఇట్టి పలకలనుండి బంగారము తీయు కర్మాగారమును నెలకొల్పిరి. అంగడి దుమ్మును జలగడిగి రజనును వృథాపోనీయని మనకు ఈ పని క్రొత్త గాదు. అయితే దొడ్డిలో పలకలను కాల్చి ద్రావకములు పోయుట మన మార్గము కారాదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము నమోదైన సంస్థలే యీ పని చేయవలెను. కాల్చిన ప్లాస్టికు పొగ, సీసపు ధూళి మొదట చేరునది మన పిల్లల యూపిరిలోనికే.

ఇందే మఱి రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. సయనైడు లేనిదంతయు సాధువని తలపరాదు. ద్రవరాజపు పొగ ఊపిరితిత్తులను గాల్చును. సయనైడును ఆమ్లమును ఒకే గదిలో నుంచుట ప్రాణాంతకము, రెండును కలిసినచో విషవాయువు పుట్టును. ద్రవరాజములో లీనమైన బంగారమునకు అమ్మోనియా తగిలినచో ప్రేలుడు పదార్థమేర్పడును. ఎండిన పిమ్మట చిన్న రాపిడికే యది ప్రేలును. ఈ సంగతులు పనినేర్చు ప్రతి బాలునకును ఉలిపట్టుట నేర్పకమునుపే నేర్పవలెను.

కావున ఈ మహాసభవారికి మా మనవి మూడు మాటలు. మొదటిది, ప్రతి జిల్లాలోను మన సంఘములు సహకారపద్ధతిని, చట్టానుసారముగ, పొగను కడుగు యంత్రములును వ్యర్థజలమును శుద్ధిచేయు తొట్లును గల ఉమ్మడి శుద్ధిశాలను ఒక్కొక్కదానిని నెలకొల్ప యత్నింపవలెను. ఒక్క యిల్లు మోయలేని నిలువబంగారమును నూఱిండ్లు మోయగలవు. రెండవది, ఇంటి పనిశాలలనుండి సయనైడును తొలగించుటకు ఒక గడువు నిర్ణయించి, బదులు ద్రావణములను సంఘమే మొత్తముగ కొని పంచిపెట్టవలెను. మూడవది, మన విద్యార్థివేతనములలో రెండైనను రసాయన, లోహశాస్త్రములు చదువు బాలబాలికలకు ప్రత్యేకింపవలెను. వారు చదివి వచ్చి మన చేతిపనిలో నిమిడియున్న శాస్త్రమును మనకే తెలుగున తిరిగి చెప్పవలెను.

పూర్వము అర్థశాస్త్రకారుడు సువర్ణాధ్యక్షుడను నధికారి యొకడుండవలెననియు, అక్షశాలయందు పని యెట్లు జరుగవలెననియు విధించెను. నాడు శుద్ధికి సీసమును వాడిరి. పిదప పాదరసమును, ఆమీద సయనైడును వచ్చినవి. ఒక్కొక్క తరము తన బంగారమునకు తనదైన వెలను ప్రాణములతో చెల్లించినది. ఆ వెలను తగ్గించు విద్య మన కండ్లయెదుట పెరుగుచున్నది. దానిని నేర్చుకొనుటలో మన సంఘము వెనుకబడరాదని కోరుచున్నాము.